ఎర్రయ్య చూసిన పడవ

సింహాద్రినాయుడు మాస్టారు నలభై ఏళ్ళు లా కాలేజీలో పాఠం చెప్పారు గానీ, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఎవరేం అడిగినా "పద, అలా వెళ్ళొద్దాం" అంటారు. వెళ్ళొచ్చేలోపు జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే అడిగినవాళ్ళ ఖర్మ. ఆయన దగ్గర చదువుకుని ప్రభుత్వ న్యాయవాదిగా చేరిన హైమవతికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఆ ఉదయం వెళ్ళి అడిగింది. అడక్కపోతే ఆమెకు ముద్ద దిగేలా లేదు మరి.

"మాస్టారూ, మనవాళ్ళని వాళ్ళు జైల్లో పెట్టుకుని కూర్చుంటే, వాళ్ళవాళ్ళని మనం చట్టం చెప్పింది కదా అని వదిలెయ్యాలా?"

సంగతేమిటంటే, నాలుగు రోజుల కిందట అవతలి దేశం పడవ ఒకటి మన జలాల్లో గస్తీవాళ్ళకి దొరికింది. అందులో ఏడుగురు. ఇంజను చెడి కొట్టుకొచ్చామని వాళ్ళ మొర. అలా కొట్టుకొచ్చినవాణ్ణి తిండిపెట్టి పంపించెయ్యమంటుంది చట్టం. కావాలని చొరబడ్డవాణ్ణి మాత్రం లోపల వెయ్యమంటుంది. వీళ్ళు ఏ రకమో హైమవతి సాయంత్రంలోగా రాసివ్వాలి. పోలీసులు ఎప్పుడో తేల్చేసుకున్నారు. పడవలో వల లేదు, ఒక్క చేప లేదు, చేపలవేటకు రాని పడవ ఇంత దూరం ఎందుకొచ్చినట్టు, గూఢచారులే అన్నారు. అటు చూస్తే మన మత్స్యకారులు పదకొండు మంది ఏడాదిన్నరగా ఆ దేశం జైల్లో మగ్గుతున్నారు. ఈ ఏడుగురినీ పట్టి ఉంచితే మార్పిడికి పనికొస్తారని ఊరంతా ఒకటే మాట. పెద్ద ఆఫీసులవాళ్ళు కూడా ఆ ముక్క ఆమె చెవిన వేశారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో హైమవతికి ఆ నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది.

మాస్టారు అంతా విని చెప్పులు తొడుక్కున్నారు. "పద, అలా రేవుకి వెళ్ళొద్దాం" అన్నారు.

దారిలో జాలరిపేటలో ఆగి, చోడిపల్లి ఎర్రయ్యని వెంట రమ్మన్నారు. యాభై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి ఎర్రయ్య. ఆయన్ని చూడగానే హైమవతి మాస్టారి పక్కకి జరిగింది. అక్కడి జైల్లో ఉన్న పదకొండు మందిలో ధనరాజు అనేవాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు.

"ఈయన్నా మాస్టారూ?" అంది గొంతు తగ్గించి. "కన్నపేగు ఏం చెబుతుందో మనకి తెలియదా?"

"పడవ చూసి సంగతి చెప్పగలవాడు ఈ ఊళ్ళో అతనొక్కడే" అన్నారు మాస్టారు, అంతే.

రేవులో కానిస్టేబులు పడవ చూపించాడు. పట్టుబడ్డ ఏడుగురూ పక్కనే రేకులషెడ్డు కింద కూర్చుని, తమ ప్రాణాలు ఈ ముసలాయన చేతిలో ఉన్నట్టు కళ్ళప్పగించి చూస్తున్నారు. నిజానికి ఉన్నాయి కూడా. ఎర్రయ్య వాళ్ళ వంక చూడలేదు. పడవెక్కి, ఐసుపెట్టె మూత తీసి, లోపలికి తల పెట్టి వాసన చూశాడు. అడుగున అరచేత్తో తడిమాడు. ముందువైపు కట్టి ఉన్న తెగిన తాడు కొసని వేళ్ళతో విడదీసి చూశాడు. తరవాత పడవ అంచున కూలబడిపోయాడు. హైమవతి దగ్గరికి వెళ్ళింది.

"ఏమిటి తాతా?"

"అమ్మా, ఒక్క మాట సెప్పు. ఈళ్ళని ఉంచేస్తే మా ధనరాజు బేగొచ్చేస్తాడంటన్నారు ఊళ్ళో. నిజమేనేటి?"

కాదని ఒక్క మాట అనేస్తే, చూసింది చూసినట్టు చెప్పడానికి ఆ ముసలాయన మనసు తేలికపడేది. అబద్ధమాడటానికి ఆమెకి నోరు రాలేదు. "తప్పకుండా అని చెప్పలేను తాతా. కానీ రావచ్చు."

ఎర్రయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. కొడుకుని తన చేతుల్తోనే అవతలికి నెడుతున్నట్టుంది ఆయనకి. అయినా లేచి ఐసుపెట్టె దగ్గరికి ఆమెని పిలిచాడు.

"సేప లేదని గదా పోలీసోళ్ళ గోల. పెట్టెకి సేప వాసన ఇంకా ఒదల్లేదు, పట్టిన సేపంతా పారబోసేసినారమ్మా. మంచినీళ్ళు అయిపోతే మాకు ఐసు కరిగిన నీళ్ళే దిక్కు. సేప అందులో ఉంటే ఆ నీళ్ళు కంపెక్కిపోతాయి, తాగనేం. ఇదిగో, అడుగున ఈ గీతలు సూడు. ఆకరి సుక్క దాకా గిన్నెతో గీక్కుని తాగినారు. పట్టిన సేప పారబొయ్యాలంటే మాకు పేణం పోయినట్టుంటాది. సావు కళ్ళకి కనబడితే తప్ప ఎవుడూ ఆ పని సెయ్యడు."

"మరి వల?"

"ఇంజను సచ్చిపోతే పడవ బోర్లా పడకుండా వలని మూటకట్టి, తాడేసి ముందునించి నీళ్ళలోకి ఒగ్గుతాం. ఆ బరువుకి పడవ కెరటానికి ఎదురు నిలబడతాది. ఆ తాడే అరిగరిగి తెగిపోనాది. కత్తితో కోసుంటే ఇలాగ పీసు లేవదు." ఎర్రయ్య తాడు కొసని ఆమె చేతిలో పెట్టాడు. "ఈళ్ళు కొట్టుకొచ్చినోళ్ళేనమ్మా. రాసేసుకో."

హైమవతికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "తాతా, ఇది చెప్తే నీ కొడుకు సంగతి..."

"తెలుసమ్మా. మావోడూ ఇలాగే ఇంజను సచ్చి కొట్టుకుపోయినాడు. ఆడి పడవ కూడా ఎవుడో ఒకడు మూత తీసి సూడాల గదా."

ఆ మాట అనేసి ఎర్రయ్య షెడ్డు కిందకి నడిచాడు. ఆ ఏడుగురిలో చిన్నవాడికి ధనరాజు ఈడుంటుంది. ఉప్పుగాలికి వాడి పెదాలు చీలిపోయి ఉన్నాయి. వాడి భాష ఈయనకి రాదు, ఈయన భాష వాడికి రాదు. గడ్డం పట్టుకుని పెదాలు చూసి, కానిస్టేబులు వైపు తిరిగాడు. "ఈడి గంజిలో ఉప్పెయ్యకండి బాబూ. మంటెత్తిపోతాది" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు హైమవతి చట్టం సంగతి మళ్ళీ ఎత్తలేదు. మలుపు దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ధనరాజుని వాళ్ళు వదలకపోతే మాస్టారూ?"

మాస్టారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"అవతలి ఒడ్డున వాడి పడవ దగ్గర కూడా ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. నువ్వు రాసేది వాళ్ళు చదువుతారనుకుని రాయమ్మా" అన్నారు.