బంగారు కేబులూ బొప్పాయి కాడా

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక మీద తాటిచెట్టు మొలవాలి.

ఒక రాజుగారికి కోట తలుపంత కంప్యూటర్ మానిటర్ ఉండేది. దాని కేబులు పాడైతే, మంత్రి ఏనుగు తొండమంత లావున బంగారు కేబులు చేయించాడు. దాని మూతి మానిటర్ కన్నంలో దూరలేదు, బొమ్మా రాలేదు.

"కేబులుది తప్పు కాదు ప్రభూ, కాపలా గవరయ్య దిష్టి!" అన్నాడు మంత్రి. గవరయ్యకు గుండు గీసి ఊరు దాటించమన్నాడు రాజు.

గవరయ్య పెళ్లాం పోలమ్మ ఊరుకుంటుందా? మొగుణ్ణి వదులుకుంటుందా? రెండు కొబ్బరిబోండాలకు చిల్లులు పెట్టి సభకు తెచ్చింది. రాజుగారి బోండంలో బొప్పాయి కాడ గుచ్చింది.

"మంత్రిగారూ, తమకు కాడ కావాలా, సభలో ఊదే ఆ బంగారు బూర కావాలా?"

"నాకు కాడేమిటే!" అని మంత్రి బూర లాక్కున్నాడు. వెడల్పు కొస బోండంలో దూరలేదు. తిప్పి పెడితే, ఆ కొస నోట్లో పట్టలేదు. రాజుగారు జుర్రున తాగేస్తున్నారు.

"పాపం, ఇదీ మా ఆయన దిష్టేనా బాబూ?" అంది పోలమ్మ. "మధ్యనున్నది బంగారమైతే చాలదు మహారాజా. ఆ కొసకూ ఈ కొసకూ కుదరాలి."

రాజు చాలాసేపు కేబుల్ని చూశాడు. అంతకన్నా ఎక్కువసేపు, తనకూ జనానికీ మధ్యనున్న మంత్రిని చూశాడు.

గవరయ్య జుట్టు దక్కింది. కన్నానికి సరిపోయే మామూలు కేబులు పెడితే, ఆ వెలుగుకు పక్క రాజ్యంలో కోళ్లు కూశాయి.

సరే అమ్మడూ, కేబులు కొనడానికి కొట్టుకెళ్లే ముందు నీ మానిటర్ వెనక కన్నం ఎలా ఉందో చూసిరా. వస్తూ వస్తూ పెరట్లో బొప్పాయి కాడ ఒకటి తుంచుకురా, నాకు దాహమేస్తోంది.