కృపావతి చెప్పిన సరే

కాకినాడ జగన్నాథపురంలో కృపావతి అనే టీచరు ఉండేది. మనిషి మంచిది, పనిమంతురాలు, కాని ఎవరేం అడిగినా కాదనలేని మొహమాటం ఆమెది.

తోటి టీచరు వచ్చి, "ఈ పూట నా క్లాసు కూడా చూస్తావా?" అంటే సరే అనేది. పక్కింటివాళ్ళు ఊరికి వెళ్తూ మొక్కలకు నీళ్ళు పోయమంటే సరే అనేది. అన్నాక తప్పకుండా చేసేది కూడా. అందువల్ల ఎప్పుడు చూసినా అలిసిపోయి ఉండేది. బడి నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, గుమ్మం పక్కనున్న కుర్చీలో కూలబడేది.

ఆమె భర్త జయానందం ఐస్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతనూ అలిసే ఇల్లు చేరేవాడు.

"ఒక్కసారి కుదరదని చెప్పి చూడు. కొంపేమీ మునగదు," అనేవాడు.

"ఏమనుకుంటారోనండీ," అనేది ఆమె.

వాళ్ళకు ఒక్కతే కూతురు, హెప్సిబా. నాలుగో తరగతి చదివేది. ఆ పిల్లకు మాట నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఇంట్లో ఆ తడబాటు తక్కువే కాని, కొత్తవాళ్ళ ముందు మరీ ఎక్కువ. బళ్ళో హాజరు పిలిస్తే పలకడం కూడా కష్టమై చెయ్యి ఎత్తేది. ఎవరూ తొందరపెట్టకుండా వింటే మాత్రం మెల్లగా అంతా చెప్పేది.

ఆ ఏడు వాళ్ళ చర్చిలో సండేస్కూలు వార్షికోత్సవం వచ్చింది. ఆరాధన తరవాత పిల్లల కార్యక్రమాలు, అవి అయ్యాక అందరికీ ప్రేమవిందు. పదకొండు దాటాక పెట్టే విందు కనుక అది టిఫినూ కాదు, భోజనమూ కాదు. ఎవరింట్లో కుదిరింది వాళ్ళు తెచ్చేవాళ్ళు. కార్యక్రమం మొదట్లో స్వాగతం చెప్పడానికి ఒక పిల్ల కావలసి వచ్చింది. ఎవరూ ఊహించని విధంగా హెప్సిబా చెయ్యి ఎత్తింది.

ఇంటికి వచ్చి తల్లికి చెప్పింది. "నాలుగు మాటలే అమ్మా. కాని నువ్వు ముందు వరసలో కూచోవాలి. నేను నిన్నే చూస్తూ చెప్తాను. అందర్నీ చూస్తే రాదు."

"సరే," అంది కృపావతి. సంతోషంతో ఆమె కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పాస్టరుగారి భార్య దీవెనమ్మగారు ఫోను చేసింది. "కృపా, విందుకి నీ బ్రెడ్డు ట్రే ఒకటి తెస్తావా? పిల్లలు అదే అడుగుతున్నారు."

ఆ బ్రెడ్డు ట్రే కృపావతి హాస్టల్లో చదువుకునే రోజుల్లో వార్డెను దగ్గర నేర్చుకున్నది. పెనం మీద వేసుకునే ఫ్రెంచ్ టోస్టు లాంటిదే. కాకపోతే ఒక్కొక్క ముక్కా తిరగేస్తూ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. ట్రేకి వెన్న రాసి, నిన్నటి బ్రెడ్డు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆనేలా పరిచి, గుడ్లు, పాలు, పంచదార, దాల్చినచెక్క పొడి గిలక్కొట్టి పైన పోసి, ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. రాత్రంతా బ్రెడ్డు ఆ పాలు పీల్చుకుని మెత్తబడుతుంది. పొద్దున్నే జీడిపప్పు చల్లి ఓవెన్లో పెడితే పైన ఎర్రగా, కరకరలాడుతూ, లోపల జున్నులా వస్తుంది. ముందురోజే సగం పని అయిపోతుంది కనుక, పొద్దున్న చేతులు ఖాళీగా ఉంటాయి. కృపావతికి ఆ వంట అందుకే ఇష్టం.

"సరే అమ్మగారూ," అంది. ఒక్క ట్రే ఏపాటి పని? ఓవెన్లో పెట్టి తయారయ్యేలోపు అదే అయిపోతుంది.

శుక్రవారం దీవెనమ్మగారు మళ్ళీ ఫోను చేసింది. పక్క సంఘం నుంచి కూడా కొంతమంది వస్తున్నారట. "ఇంకో రెండు ట్రేలు పెంచగలవా?"

కృపావతి వాళ్ళింట్లో ఉన్నది చిన్న కరెంటు ఓవెను. అందులో ఒకసారికి ఒక్క ట్రేనే పడుతుంది, అది కాలడానికి దగ్గర దగ్గర గంట. ఆ సంగతి చెబుదామనే నోరు తెరిచింది.

"సరే అమ్మగారూ," అంది.

శనివారం మధ్యాహ్నం ఆడపడుచు ఎస్తేరు ఫోను చేసింది. "రేపు పొద్దున మా ఆయన ఆఫీసరు, భార్యతో మా ఇంటికి వస్తున్నాడు. నువ్వు చేసే ఆ బ్రెడ్డుదే పెడదామనుకుంటున్నాను. ఒక ట్రే చెయ్యవూ? ఈయన వచ్చి పట్టుకెళ్తారు."

"రేపు హెప్సీ కార్యక్రమం ఉంది వదినా..."

"తెలుసులే. నీకిదంతా చిటికెలో పని గదా?"

"సరే వదినా," అంది కృపావతి.

ఫోను పెట్టేసి కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. తరవాత సంచీ తీసుకుని బేకరీకి నడిచింది.

ఆ సాయంత్రం ఫ్రిజ్‌లోని కూరలు, పెరుగు, నీళ్ళ సీసాలు బయటికి వచ్చేశాయి. అరలన్నీ ట్రేలతో నిండిపోయాయి. గుడ్లు గిలక్కొట్టి గిలక్కొట్టి ఆమె మణికట్టు లాగేస్తోంది. వంటింట్లో ఎక్కడ చూసినా పాల జిడ్డే. హెప్సిబా గుమ్మంలో నిలబడి తన నాలుగు మాటలూ తనలో తను అనుకుంటోంది.

"అమ్మా, ఒకసారి వింటావా?"

"చేతులు ఖాళీ లేవమ్మా. చెప్పు, వింటున్నా."

పిల్ల మొదలుపెట్టింది. తల్లి వీపు చూస్తూ చెప్పలేక ఆగిపోయింది. "రేపు ముందు వరసలో కూచుంటావుగా?" అని అడిగింది.

"సరే అన్నానుగా, ఎన్నిసార్లు అడుగుతావే," అంది కృపావతి. విసుక్కోవాలని అనలేదు. ఒంట్లో ఓపిక లేక అలా వచ్చింది.

ఆదివారం చీకటితోనే లేచి మొదటి ట్రే ఓవెన్లో పెట్టింది. అది దించి రెండోది పెట్టింది. ఇల్లంతా దాల్చినచెక్క వాసన. మూడో ట్రే లోపలికి వెళ్ళేసరికి జయానందం స్నానం చేసి తయారయ్యాడు. హెప్సిబా తెల్ల గౌను వేసుకుని, రిబ్బను చేత్తో పట్టుకుని నిలబడింది.

"జడ నేను వేస్తాన్లే," అన్నాడు జయానందం. అతనికి వచ్చినట్టుగా వేశాడు. వంటింట్లోకి వచ్చి, "అయినవి తీసుకుని బయల్దేరు. మిగిలింది వదిలెయ్యి," అన్నాడు.

"వదినకి మాటిచ్చానండీ. అన్నయ్యగారు దారిలో ఉంటారు."

జయానందం కూతురి వైపు చూశాడు. "దీనిక్కూడా ఇచ్చావు," అన్నాడు నెమ్మదిగా.

"మీరు దాన్ని తీసుకెళ్ళండి. ఆరాధన అయ్యేసరికి ఆటోలో వచ్చేస్తాను."

వాళ్ళు స్కూటరు మీద వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ హెప్సిబా వెనక్కి తిరిగి చూసింది. కృపావతి అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో ట్రే కాలేసరికి చర్చి గంట మోగడం, ఆగడం కూడా అయిపోయింది. ఎస్తేరు భర్త ఇంకా రాలేదు. ఫోను చేస్తే, "ఇదిగో, పెట్రోలు కొట్టించుకుని వచ్చేస్తున్నా," అన్నాడు. ట్రే పక్కింట్లో ఇచ్చి వెళ్దామా అనుకుంది. చేతికి ఇస్తానని చెప్పి ఇప్పుడు అలా చేస్తే బాగుండదేమో అనుకుంది. చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తూ ఉండిపోయింది. అతను వచ్చి, ట్రే తీసుకుని, వాసన బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ తరవాత ఆమె మూడు ట్రేలకూ తువ్వాళ్ళు చుట్టి, ఒకదాని మీద ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. తువ్వాలు దాటి వేడి తొడలకు తగులుతూనే ఉంది.

చర్చి గేటు దగ్గర దిగేసరికి లోపల చిన్నపిల్లలు ఏదో పాటకు అభినయం చేస్తున్నారు. జయానందం బయట కుళాయి పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని పక్కన హెప్సిబా. రిబ్బను ఊడదీసి వేలికి చుట్టుకుంటోంది.

కృపావతికి అర్థమైంది. అయినా అడిగింది. "అయిపోయిందా?"

జయానందం లేచి ఆమెను కాస్త పక్కకు తీసుకెళ్ళాడు. "మైకు దగ్గరికి బాగానే వెళ్ళింది. నీకోసం పెట్టిన కుర్చీ చూసింది. గుమ్మం వైపు చూసింది. నేను అక్కడికి వెళ్ళి కూచున్నాను, నన్నూ చూసింది. కాని దానికి మాట రాలేదు. ఎవరో పిల్లలు నవ్వారు. కాసేపటికి టీచరే మైకు తీసుకుని ఆ నాలుగు మాటలూ చెప్పేసింది."

అంతే చెప్పాడు. ఆమెను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

విందు మొదలైంది. ఇడ్లీలున్నాయి, పులిహోర ఉంది, కేకులున్నాయి. బ్రెడ్డు ట్రేలు రెండు ఖాళీ అయ్యాయి. మూడోది చాలావరకు అలాగే ఉండిపోయింది. పక్క సంఘం వాళ్ళు అనుకున్నంతమంది రాలేదు. హెప్సిబాకు ఆ వంటలో అంచు ముక్కంటే ప్రాణం. కృపావతి ఒక అంచు ముక్క ప్లేటులో పెట్టి తీసుకెళ్ళింది. పిల్ల ప్లేటు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, కాని తినలేదు.

దీవెనమ్మగారు సంగతి తెలిసి దగ్గరికి వచ్చింది. ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. "అదేమిటి కృపా, కుదరదని చెప్పకపోయావా? నాలుగు గెలలు అరటిపళ్ళు తెప్పించేదాన్ని. నువ్వు సరే అన్నావని నేను ధీమాగా ఉన్నాను."

మధ్యాహ్నం ఎస్తేరు ఫోను చేసింది. ఆఫీసరుగారికి షుగరట, రుచి కూడా చూడలేదట. "మేమే తినేశాంలే. బాగా కుదిరింది," అంది.

కృపావతి ఫోను పెట్టేసి మంచం మీద ఒరిగింది. నిద్ర రాలేదు. ఆ కాస్త పనుల కోసం ఎవరి ఇల్లూ ఆగిపోయేది కాదు. వాళ్ళకి తను లేకపోయినా గడిచేది. తను లేకుండా గడవనిది ఒక్కటే, ఆ ముందు వరస కుర్చీ.

సాయంత్రం హెప్సిబా పక్కన కూర్చుని తల నిమిరింది. "క్రిస్మస్‌కి మళ్ళీ కార్యక్రమాలుంటాయి గదా. అప్పుడు చెబుదువుగాని. నేను ముందే వచ్చి కూచుంటాను."

"వద్దులే అమ్మా."

"నిజంగా వస్తానే. సరే అంటున్నానుగా."

"న... నువ్వు అందరికీ సరే అంటావుగా," అంది పిల్ల.

ఆ గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. రోజంతా పని చేసి వచ్చిన పెద్దమనిషి గొంతులా అలిసిపోయి ఉంది. కృపావతికి ఇన్నేళ్ళలో తన మాట గురించి ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

ఆ తరవాత ఆమె ఒక్కరోజులో మారిపోలేదు. మొదటిసారి "కుదరదు వదినా" అని ఎస్తేరుతో అన్నప్పుడు, ఎందుకు కుదరదో అడగకుండానే ఎస్తేరు ఫోను పెట్టేసింది. నెల పైన మాట్లాడలేదు. బళ్ళో ఒక టీచరు, "ఈమధ్య కృపావతికి బాగా గీర పెరిగింది," అంది. ఆ మాట విని కృపావతి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒకటి రెండుసార్లు పాత అలవాటు చొప్పున సరే అనేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, "క్షమించండి, నాకు వీలవదు," అని చెప్పి వచ్చింది. అది మొదటే కాదనడం కన్నా కష్టమైంది.

కాని హెప్సిబాకు చెప్పినవి మాత్రం ఒక్కటీ తప్పలేదు. బడి వదిలే వేళకు గేటు దగ్గర ఉంటానంటే ఉండేది. ఆదివారం సాయంత్రం బీచికి తీసుకెళ్తానంటే తీసుకెళ్ళేది. వీల్లేనినాడు పొద్దున్నే, "ఇవాళ రాలేనమ్మా," అని చెప్పేసేది. పిల్ల మొహం చిన్నబుచ్చుకునేది, కాని ఎదురుచూసి మోసపోయేది కాదు.

క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. హెప్సిబా చెయ్యి ఎత్తలేదు. తల్లి ఆ మాటే ఎత్తలేదు.

మళ్ళీ వానలు మొదలైన రోజుల్లో, ఒకనాడు బట్టలు మడతపెడుతున్న తల్లి దగ్గరికి వచ్చి, "బళ్ళో ప్రార్థన అప్పుడు వార్తలు చదవాలి. శ... శనివారం నా వంతు. పేరెంట్సు కూడా రావచ్చట. వస్తావా?" అంది.

కృపావతి శనివారం ఏమేం పనులున్నాయో ఒక్కొక్కటే తలుచుకుంది. ఏది మానుకోవచ్చో, ఎవరికి కుదరదని చెప్పాలో ఆలోచించుకుంది. హెప్సిబా ఓపిగ్గా నిలబడి చూసింది.

"మా హెడ్‌మాస్టరుగారిని సెలవు అడగాలి. ఆయన ఇస్తేనే వస్తాను. రేపు సాయంత్రం చెప్తాను," అంది కృపావతి.

మర్నాడు సెలవు దొరికింది. శనివారం పొద్దున ఆమె బడి వరండాలో తడి గొడుగు పక్కన పెట్టుకుని కూర్చుంది. హెప్సిబా వార్తలు చదివింది. మొదటి మాట దగ్గర ఆగింది. రెండో వార్తలో మళ్ళీ ఆగింది. పిల్లలు కొందరు కదిలారు. ఆ పిల్ల తొందరపడకుండా, మాట వచ్చేదాకా ఉండి, మొత్తం చదివి కాగితం మడిచింది. చదువుతున్నంతసేపూ తల్లి ఉందా లేదా అని ఒక్కసారి కూడా తల తిప్పి చూసుకోలేదు. ఉంటుందని ఆ పిల్లకు తెలుసు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: కుదరదని చెప్పలేనివాళ్ళ సరేకి విలువ ఉండదు. మొహమాటానికి అందరికీ మాటిస్తూ పోతే, చివరికి మాట తప్పేది మనల్నే నమ్ముకున్నవాళ్ళ దగ్గర.