చెన్నమ్మ మూడు ఒప్పుకోళ్ళు

కొండకింద దర్గాలో జమాలయ్య అనే పెద్దాయన ఉండేవాడు. తురకలూ హిందువులూ అందరూ ఆయన్ని స్వామీ అనే పిలిచేవాళ్ళు. ఆ ఊరి ఎస్సై ఓబులేసు ఆయన శిష్యుడు. ప్రతి గురువారం డ్యూటీ దిగి, బూట్లు బయట విడిచి, చాపకు అవతల నేల మీద కూర్చునేవాడు.

ఆ గురువారం ఓబులేసు మనసు మనసులో లేదు. ఏమైందని స్వామి అడిగితే చెప్పుకొచ్చాడు.

ఒక ఇంట్లో బంగారు గొలుసు పోయింది. ఆ ఇంట్లో పాచిపని చేసే చెన్నమ్మ మీద అనుమానం. స్టేషన్‌కు పిలిపించి అడిగితే తీశానని మొదటిరోజే ఒప్పుకుంది. ప్రొద్దుటూరులో ఒక అంగట్లో అమ్మానంది. ఆ అంగడివాడు ఆమెను ఎన్నడూ చూడలేదన్నాడు. రెండోరోజు కాలువలో పారేశానంది. మూడోరోజు చెల్లెలికిచ్చానంది. ఆ చెల్లెలు చనిపోయి ఆరేళ్ళయింది. రేపు అడిగితే విమానంలో పంపించినా అంటాది సార్ అని లేడీ కానిస్టేబులు నాగరత్న నవ్వింది.

వస్తువు దొరకలేదు గానీ మనిషి ఒప్పుకుంది కదా, తెల్లారి కోర్టులో పెడితే తన పని అయిపోతుంది అన్నాడు ఓబులేసు. అన్నాడే గానీ కోర్టు కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు.

"చెయ్యి ఎత్తలేదు స్వామీ. లాఠీ ముట్టుకోలేదు. ఉత్తగా అడిగినానంతే" అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

జమాలయ్య ఊఁ అన్నాడు. చుట్టూ పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఓబులేసూ, మొన్న నా తస్బీ మాల తీసుకుపోయింది నువ్వే కదా?"

ఓబులేసు బిత్తరపోయాడు. మొన్న అతను దర్గా గడపే తొక్కలేదు. కానీ ఆ దర్గాలో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. గురువు ఏమన్నా శిష్యుడు అట్లే స్వామీ అనాలి తప్ప ఎదురు చెప్పకూడదు. పైగా పాతిక జతల కళ్ళు తన మీదే ఉన్నాయి.

"అవును స్వామీ. పొరపాటయింది."

"యాడ పెట్టినావు?"

"ఇంట్లో... బీరువాలో."

"రేపు తెస్తావా?"

"తెస్తా స్వామీ." అట్లాంటి పూసల మాల ఏ అంగట్లో దొరుకుతుందా అని అప్పటికే లోపల వెతుక్కుంటున్నాడు.

జమాలయ్య జుబ్బా జేబులో చెయ్యి పెట్టి తస్బీ బయటికి తీశాడు. ఒక్కో పూసా తిప్పడం మొదలుపెట్టాడు.

"నేను నిన్ను కొట్టినానా?"

"లేదు స్వామీ."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"మీ ముందర లేదు అనొచ్చని నాకెవరూ చెప్పలేదు స్వామీ."

"ఆమెకెవరు చెప్పినారు?"

ఓబులేసు లేచి, బూట్లు చేతపట్టుకునే జీపు దాకా నడిచాడు.

స్టేషన్‌లో చెన్నమ్మ గోడవార నిలబడి ఉంది. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. ఆమె అంచు మీద కూర్చుంది. ఎదురుగా తనూ కూర్చున్నాడు. చెప్పాల్సిన మాటలు అతనికి కొత్తవి కావు. ట్రైనింగ్ పరీక్షలో ఇదే ప్రశ్నకు పదికి తొమ్మిది తెచ్చుకున్నవాడు. ఒక మనిషి ముఖం చూసి చెప్పడమే ఇది మొదటిసారి.

"అమ్మా, అడిగేముందు చెప్పాల్సింది నేను చెప్పలేదు. నీ మీద నువ్వే నేరం చెప్పుకోవాలని చట్టంలో లేదు. ఇష్టం లేకపోతే నోరు తెరవొద్దు. వకీలును పెట్టుకోవచ్చు. నీకు స్తోమత లేకపోతే సర్కారే ఇస్తుంది. మీ ఇంటికి కబురు చేయిస్తా. తీయలేదు అనాలంటే, ఆ మాటా అనొచ్చు."

చెన్నమ్మ అతని వైపు కాదు, నాగరత్న వైపు చూసింది. నాగరత్న నవ్వడం లేదు.

"నా బిడ్డను పిలిపించరా?"

మొదటిరోజు మాటవరసకు అన్నాడు, నీ కూతుర్ని కూడా పిలిపిస్తామని. అన్న సంగతే మరిచిపోయాడు. ఆమె మూడు రోజులూ దాన్ని మోసింది.

"పిలిపించం."

"అట్లయితే నేను తీయలేదు సార్."

ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనడం లేదని తెలిశాక, ఎవరూ అడక్కుండానే ఇంకోసారి అంది. "తీయలేదు." ఈసారి గొంతు ఆమెదే.

ఆ రాత్రే కూతురు ఈశ్వరి వచ్చి తీసుకుపోయింది. గేటు దాటాక, ఇంట్లో ఉప్పు ఉందా అయిపోయిందా అని తల్లి అడగడం నాగరత్నకు వినిపించింది.

రెండు రోజులకు ఆ ఇంటివాళ్ళు ఫోన్ చేశారు. గొలుసు బియ్యం డ్రమ్ములో దొరికిందట. పురుగు పట్టకుండా వేపాకు కలుపుతూ ఆ ఇంటి ముసలామె జార్చుకుందట.

ఓబులేసు గురువారం దాకా ఆగలేకపోయాడు. దర్గాకు పోయి, దొరికింది స్వామీ, బతికిపోయినా అన్నాడు.

"దొరక్కపోయుంటే?" అన్నాడు జమాలయ్య.

ఓబులేసు ఆలోచించుకున్నాడు.

"అప్పుడూ ఆమె ఇంటికే పోయేది స్వామీ."

జమాలయ్య చాప మీద కొంచెం పక్కకు జరిగి, చోటు చూపించాడు.