మెంతులు పూసిన చేట

సోమిదేవమ్మగారిని ఏదైనా అడగదలుచుకున్నవాడు ముందు తన చేతులు ఖాళీగా లేకుండా చూసుకోవాలి. ఆవిడ అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. రాజోలు అవతల ఒక లంకలో ఆవిడ నడిపే వైద్యశాలలో మూలికా వైద్యం నేర్చుకోవడానికి చేరిన మా అందరికీ ఈ సంగతి త్వరగానే తెలిసొచ్చింది. గవర్రాజుకి మాత్రం ఏడాది గడిచినా తెలియలేదు. అందుకే అంత పెద్ద ప్రశ్న అంత ధైర్యంగా అడిగేశాడు.

గవర్రాజు మాలో అందరికన్నా చురుకైనవాడు. అతని బాధల్లా కడుపుతోనే. తింటే మంట, తినకపోతే మంట. పట్నంలో డాక్టరుగారు గొట్టం వేసి చూసి, పుండేమీ లేదు, లోపలి పొర ఒరుసుకుపోయింది, జాగ్రత్తగా ఉంటే అదే కోలుకుంటుందని చెప్పి పంపారు. అందులో 'పొర' అన్న ముక్క ఒక్కటే అతని చెవికెక్కింది. ఇక ఆ పొరను అతికించే పనిలో పడ్డాడు. ఫోనులో చూసి గ్లుటమిన్ పొడి తెప్పించాడు. జింకు మాత్రలు, మంచి బాక్టీరియా ఉన్నాయనే క్యాప్సూల్స్, కలబంద రసం, అతిమధురం, అన్నీ వచ్చి అతని కిటికీలో వరసగా కూర్చున్నాయి. ఏది మొదలుపెట్టినా వారం తిరక్కుండానే పనిచెయ్యలేదని తేల్చేసి, దాని మీద ఇంకోటి మొదలెట్టేవాడు. ఇంత చేసిన మనిషి లేవగానే పరగడుపున చిక్కటి టీ తాగేవాడు. అన్నం నిలబడే మింగేసేవాడు. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను చూస్తూ కారప్పూస నమిలేవాడు. నిద్ర చాలక తలనొప్పి వస్తే నొప్పి మాత్ర వేసుకునేవాడు. ఇదంతా మేము చూస్తూనే ఉన్నాం. చెబితే వినే ఘటమైతే కదా!

చైత్రమాసంలో ఒక ఉదయం అతను సంచీ సర్దుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతానండీ. నా కడుపే బాగుచేసుకోలేనోణ్ణి, రేపు ఎవరి చెయ్యి పట్టుకుని నాడి చూస్తానండీ? వెళ్ళేముందు ఒక్కటి చెప్పండి. ఇన్ని వాడేను కదా, ఆ లోపలి పొర ఎందుకు అతుక్కోట్లేదంటారు?"

అంటుండగానే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత వేళాకోళం చేసినా మాకూ గుండె చివుక్కుమంది. వైద్యం మీద అతనికున్నంత ప్రేమ మాలో ఎవరికీ లేదు.

సోమిదేవమ్మగారు అరుగు మీది కొత్త చేటలు చూపించారు. "సంతలోంచి వచ్చేయి. గుజ్జు రుబ్బించి ఉంచేను. ఓ చేటకి పూసిపెట్టు. రేపు వెళ్దువుగానిలే."

కొత్త చేటను అలాగే వాడితే వెదురు బద్దల సందుల్లోంచి పొడీ, సన్న నూకా కారిపోతాయి. అందుకని పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును పల్చగా పూసి ఎండలో పెడతారు. పూత ఆరితే సందులు మూసుకుపోతాయి. ఆవిడ తన వంతుగా ఒక చేట తీసుకుని పూసి, డాబా మీద ఎండలో పెట్టించి, రోగులను చూడ్డానికి లోపలికి వెళ్ళిపోయారు.

గవర్రాజు తన చేటకు రొట్టె మందాన పట్టించాడు. కాసేపాగి వేలితో నొక్కి చూశాడు. తడిగానే ఉంది. ఇలా లాభం లేదని తుమ్మబంక కలిపి ఆ తడి మీదే ఇంకో పూత వేశాడు. మళ్ళీ నొక్కాడు. నొక్కిన చోటల్లా గుంట పడింది. గుంట పడిన చోటల్లా మరికాస్త గుజ్జు మెత్తాడు. భోజనానికి పిలిస్తే నిలబడి రెండు ముద్దలు మింగి పరుగెత్తుకొచ్చాడు. మధ్యాహ్నం దాటేసరికి ఇక పట్టలేక, ఆగుతుందో లేదో చూద్దామని అందులో కరక్కాయ పొడి పోసి చెరిగాడు. పూత పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పొడితో సహా నేల మీద పడింది. ఆ పొడి దంచింది మేము. ఎవరి కడుపు మండినా మండకపోయినా, ఆ పూట మా కడుపులు మాత్రం మండాయి.

సోమిదేవమ్మగారు తీరిగ్గా భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం డాబా మీది చేట తెప్పించారు. పూత సన్నగా, గట్టిగా, వెదురును అంటిపెట్టుకుని ఉంది. అందులో పొడి పోసి చెరిగారు. చిటికెడు కూడా కింద రాలలేదు.

గవర్రాజు రెండు చేటలనూ మార్చి మార్చి చూశాడు. "మెంతులు అవే కదండీ అమ్మగారూ?"

"అవే."

"నేను బంక కూడా వేసేనండీ."

"వేసేవు. వేసినప్పుడల్లా నొక్కేవు కూడానూ."

అతను నేల మీది పెళ్ళ ఒకటి ఏరి చూశాడు. "అయితే ఆ పొడులూ మాత్రలూ పారెయ్యమంటారా?" అన్నాడు.

"మెంతులు చెడ్డవని నేనన్నానా?" అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అతని గదిలో దీపం మా దీపాలతో పాటే ఆరింది. తెల్లారి టీ గ్లాసు అందిస్తే, కాస్త గంజి ఉందా అని అడిగాడు. తాగి, తన చేట శుభ్రంగా గీకి, కడిగి, తుడిచి, ఈసారి గోటి మందం కూడా లేకుండా పూసి డాబా మీద పెట్టాడు. సంచీ గుమ్మం దగ్గరే ఉంది. రేవు దగ్గర బస్సు హారను మోగింది, మళ్ళీ మోగింది, ఆ తరవాత దూరమైపోయింది. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో కరక్కాయల సంగతి కూడా మరిచిపోయాం.

గవర్రాజు సోమిదేవమ్మగారి దగ్గరికి వచ్చి, తల వంచుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు. "అమ్మగారూ, అది ఆరేదాకా ఇక్కడ ఉండొచ్చా అండీ?"

"ఉండు నాయనా," అన్నారావిడ. "దాని ముందు మాత్రం కూర్చోకు."