ఉట్టిలో కూర్చున్న పైడయ్య

మూడు బళ్ళు పోతే రెండే తిరిగొచ్చే కాలమది. ఏ రాజు కాలమో నేను చెప్పలేను. మనం పోతున్న ఈ కనుమ దారి అప్పుడూ ఉంది. మలుపు చేరేలోపు కథ అయిపోతుంది, వినండి.

దారికి కాపలా ఉండేది. కాపలావాళ్ళని చంపాలని చూసే శత్రువూ ఉండేవాడు. వాడు ఎదురుగా వచ్చేవాడు కాదు. కుండల్లో మందుగుండు కూరి, దారి కింద పాతి వెళ్ళిపోయేవాడు. పైన చక్రం ఎక్కితే కుండ పేలేది. కాపలాదళాన్ని నడిపే దళవాయి బళ్ళ అడుగున ఇనుపరేకు వేయించాడు. బండి ఎగిరిపోయింది. రెండు రేకులు వేయించాడు. ఎగిరిపోయింది. మూడు రేకులు వేయిస్తే ఎడ్లు కదల్లేకపోయాయి.

కనుమ దిగువన, ఏటి ఒడ్డున పైడయ్య అనే ముసలివాడు పడవలు చేసుకుని బతికేవాడు. భార్య గున్నమ్మ. ఒక్కడే కొడుకు లచ్చన్న, కాపలాదళంలో ఉన్నాడు. వచ్చే అమావాస్యకి కనుమ వంతు వాడిది.

"మానేయరా నాయనా" అంది గున్నమ్మ.

"నేను మానేస్తే ఇంకో అమ్మ కొడుకు పోతాడే" అన్నాడు లచ్చన్న.

పైడయ్య లేచాడు. వెళ్ళి కాపలా బండి కింద దూరి చూశాడు. అడుగు పీటలా చదునుగా ఉంది.

"ఇలాంటి అడుగుతో పడవ చేస్తే మొదటి అలకే తిరగబడుతుంది. అలకి ఎదురు నిలవకూడదు, దారి ఇవ్వాలి" అన్నాడు.

అడుగు మార్చి చూడటానికి దళవాయి ఒప్పుకున్నాడు. పైడయ్య బండి అడుగుని పడవలా మధ్యలో మొనదేలేలా దించాడు. లోపల మనుషులకి బదులు ఇసక కుండలు పెట్టారు. ఎడ్లు విప్పి, పాతిన మందుకుండ మీదికి వాలులో వదిలారు. మంట రెండు పక్కలకీ చీలిపోయింది. కానీ ఇరుసు విరిగి అడుగులోంచి లోపలికి పొడుచుకొచ్చింది.

"అలకి దారిచ్చాను. చక్రానికి ఇవ్వలేదు" అన్నాడు పైడయ్య.

ఈసారి చక్రాల్ని బండి కొసలకి జరిపి, దెబ్బ తగిలితే ఊడిపోయేలా మెత్తటి కర్రమేకులు కొట్టాడు. మళ్ళీ వదిలారు. చక్రాలు ఊడి తుప్పల్లో పడ్డాయి. అడుగు చెక్కుచెదరలేదు. అందరూ ఈలలు వేశారు. తలుపు తీశారు. ఇసక కుండలన్నీ పెంకులైపోయి ఉన్నాయి.

ఈలలు ఆగిపోయాయి.

"బండి బతికింది, మనుషులు పోయారు" అన్నాడు దళవాయి.

గున్నమ్మ లోపలికి తొంగి చూసి "ఓలమ్మా, నా మజ్జిగ!" అని అరిచింది. మధ్యాహ్నానికని బండి కప్పుకి ఉట్టి కట్టి, అందులో మజ్జిగ కుండ పెట్టింది. హడావుడిలో దించడం మర్చిపోయారు. అది ఇంకా ఊగుతోంది. కాస్త తొణికిందంతే, పగల్లేదు.

పైడయ్య ఆ కుండని చాలాసేపు చూశాడు. మర్నాడు కప్పు నుంచి తాళ్ళతో పీటలు వేలాడదీశాడు. కాళ్ళు పెట్టుకోవడానికి కూడా తాడే కట్టాడు. అడుగుకి మనిషి తగలకూడదన్నాడు.

కాపలావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

"మేమేమైనా పెరుగు కుండలమా తాతా?"

"మీసాలున్న కుండలురా!"

ఒక్కడూ ఎక్కలేదు. లచ్చన్న ముందుకొస్తే పైడయ్య చెయ్యడ్డం పెట్టాడు. "నా పని, నేనే చూసుకోవాలి" అంటూ తను ఎక్కాడు.

"మజ్జిగ తాగి ఎక్కు" అంది గున్నమ్మ.

"ఉంచు. వచ్చి తాగుతాను."

బండి వదిలారు. కొండ అదిరింది. దుమ్ములోకి గున్నమ్మ పరిగెత్తింది. "ఏవయ్యో!" అని పిలిచింది. పలుకు లేదు. "ఏవయ్యో!" పలుకు లేదు. మూడోసారి పిలిస్తే లోపలినుంచి వినబడింది:

"దించండర్రా, కళ్ళు తిరుగుతున్నాయి. మజ్జిగేదీ?"

మనిషికి ఏమీ కాలేదు. చెవులు మాత్రం పోయాయి.

అమావాస్యకి ఆ రకం బళ్ళు మూడు వెళ్ళాయి. ఒకటి మందుకుండ మీదికెక్కింది. అయినా మూడు బళ్ళవాళ్ళూ తిరిగొచ్చారు. లచ్చన్న నడిచొచ్చాడు. వాడి భుజం మీద చెయ్యేసి మరొకడు కుంటుతూ వచ్చాడు. పిల్లాడిలా కాళ్ళు వేలాడేసుకోవడానికి సిగ్గుపడి, ఒక పాదం అడుగున ఆనించాడట.

అప్పటినుంచి కాపలాబళ్ళు బయలుదేరినప్పుడల్లా పైడయ్య ఈ మలుపులో నిలబడేవాడు. తన గొంతు తనకే వినబడదు కదా, కొండ మారుమోగేలా అరిచేవాడు: "కాళ్ళెత్తండర్రా!"

శత్రువు ఊరుకోలేదు. ఇంకా పెద్ద కుండలు పాతాడు. కొన్నిసార్లు మూడు పోతే రెండే వచ్చాయి. అలాంటి రోజున పైడయ్య అన్నం ముట్టేవాడు కాదు. మర్నాడు మళ్ళీ మలుపులో నిలబడేవాడు.

ఆయన పోయినప్పుడు పాడె మోయడానికి మనుషుల్ని వెతకలేదు. ఆ బళ్ళలోంచి దిగినవాళ్ళంతా తమ కాళ్ళమీద నడిచి వచ్చారు. అందరికంటే ముందు ఆ కుంటివాడు నడిచాడు.

ఇప్పుడు కుండలూ లేవు, కాపలా లేదు. అయినా ఈ వైపు కొత్త బండి కొంటే ముందు కప్పుకి ఉట్టి కట్టి మజ్జిగ పెడతారు. ఇక మలుపు దగ్గర ఏం చేస్తారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అదిగో, వచ్చేసింది. కాళ్ళెత్తండర్రా!