కూలిన గోరింక గూడు

నేరేళ్లకోన అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, దున్నలు, జింకలు, రకరకాల పక్షులు కలిసి బతికేవి. వాటిలో గంగులు అనే అడవిదున్నకు, సీతాలు అనే గోరింకకు మంచి స్నేహం.

రోజూ పొద్దున్నే సీతాలు వచ్చి గంగులు వీపు మీద వాలేది. చెవుల్లో, మెడ మడతల్లో పట్టిన పిడుదులను ఒక్కొక్కటే ఏరి తినేది. గోరింకకు కడుపు నిండేది. దున్నకు దురద తీరేది.

ఆ వేసవిలో అడవి పెద్దను ఎన్నుకునే సమయం వచ్చింది. ఏనుగు, ఎలుగుబంటి పోటీకి నిలబడ్డాయి.

"నేరేడు తోపు మధ్యగా నదికి దారి వేస్తాను. ఎండాకాలంలో ఎవరూ దాహంతో అల్లాడరు" అంది ఏనుగు.

"తోపులో ఒక్క చెట్టునూ పడనివ్వను" అంది ఎలుగుబంటి.

గుహలో రెండు గుంతలు తవ్వారు. ఒకటి ఏనుగుది, ఒకటి ఎలుగుబంటిది. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, నచ్చిన గుంతలో గులకరాయి వేసి రావాలి. ఎవరు ఎందులో వేశారో ఎవరికీ తెలియదు.

కిందటి వేసవిలో నీళ్లు లేక గంగులు మందలో రెండు దూడలు చనిపోయాయి. అందుకే గంగులు ఏనుగు పక్షం. ఊరికే పక్షం కాదు, ఎక్కడ చూసినా అదే మాట.

"నువ్వూ ఏనుగుకే కదా?" అని ఒకనాడు సీతాలును అడిగింది.

సీతాలు చుట్టూ ఒకసారి చూసి, దాని చెవి దగ్గరికి జరిగింది. "నీతో కాబట్టి చెబుతున్నా అన్నా. నా రాయి ఎలుగుబంటికే. నా గూడు ఆ తోపులోనే ఉంది, అందులో గుడ్లున్నాయి. ఈ మాట నీలోనే ఉంచుకో."

ఆ మాట గంగులు లోపల ముల్లులా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఎండిన వాగు ఒడ్డున ఏనుగు పక్షం వాళ్లంతా చేరారు. సీతాలు ఎప్పటిలాగే వచ్చి గంగులు వీపు మీద వాలింది. గంగులు ఒళ్లు విదిలించి దాన్ని కింద పడేసింది.

"చూడండి దీన్ని! నా వీపు మీద తిని, ఎలుగుబంటికి రాయి వేస్తుందట. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!"

అందరూ పగలబడి నవ్వారు.

"అన్నా, అది నిన్ను నమ్మి చెప్పిన మాట" అంది సీతాలు మెల్లగా.

"మా దూడలు చచ్చిపోయినా నీకు పట్టదా?"

"ఎందుకు పట్టదు? వాటి కోసం నేనూ ఏడ్చాను. నువ్వు ఏనుగుకు వేస్తానంటే నేనెప్పుడైనా కాదన్నానా?"

"ఫో! ఇంకెప్పుడూ నా మీద వాలకు!"

ఆ మాటలు విని కుర్ర దున్నలకు ఊపొచ్చింది. తోపులోకి పరిగెత్తి, సీతాలు గూడున్న చెట్టును కొమ్ములతో కుమ్మసాగాయి. గంగులు వెనకే వెళ్లింది. 'ఆగండ్రా' అనే మాట దాని గొంతు దాకా వచ్చింది. కానీ అలా అంటే తననూ ఎలుగుబంటి పక్షం అంటారేమోనని భయపడింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

గూడు కింద పడింది. లేత నీలం గుడ్లు మూడూ పగిలిపోయాయి.

వెనకే ఎగిరి వచ్చిన సీతాలు గుడ్ల వైపు చూసింది. తర్వాత ఒక్కసారి గంగులు వైపు చూసింది. గంగులు తల ఎత్తలేకపోయింది.

ఎన్నికలో ఏనుగే గెలిచింది. అభినందించడానికి వెళ్లిన గంగులుకు ఏనుగు, ఎలుగుబంటి ఒకే పనసపండు పంచుకు తింటూ కనిపించాయి.

"దారిని తోపు పక్కనుంచి గుట్ట అంచున తిప్పితే చెట్లూ నిలుస్తాయి, నీళ్లూ అందుతాయి" అంటోంది ఎలుగుబంటి.

"మంచి మాట. రేపు ఇద్దరం వెళ్లి చూద్దాం" అంటోంది ఏనుగు.

పోటీ పడ్డవాళ్లే కలిసి తింటున్నారు. గంగులు సిగ్గుతో వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

ఏరేవాళ్లు లేక దాని ఎడమ చెవి నిండా పిడుదులు పట్టాయి. పుండు పడి పురుగులు చేరాయి. వాసన భరించలేక మంద దూరం జరిగింది. 'సీతాలును పిలిస్తే?' అనుకుంది గంగులు. 'ఏ ముఖం పెట్టుకుని పిలవను?' అని మళ్లీ తనే పొదల చాటున దాక్కుంది.

పది రోజుల తర్వాత ఇక ఉండబట్టలేక బయలుదేరింది. సీతాలు మద్దిచెట్టు మీద కొత్త గూడు కట్టుకుంటోంది.

"చెల్లీ, నమ్మి చెప్పిన మాటను నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఆ రోజు 'ఆగండ్రా' అని ఒక్క మాట అంటే నీ గుడ్లు దక్కేవి. నన్నేమంటారోనని ఊరుకున్నాను. ఇది చెప్పుకోవాలనే వచ్చాను" అని గంగులు వెనుదిరిగింది.

"ఆగన్నా. ఆ చెవికి ఏమైంది?"

గంగులు చెవి చాటు చేసుకోబోయింది. అప్పటికే సీతాలు దాని కొమ్ము మీద వాలింది. మధ్యాహ్నం దాకా పురుగులను ఏరుతూనే ఉంది. అప్పటికే సగం చెవి కుళ్లిపోయింది. అది మాత్రం దక్కలేదు.

"నన్ను క్షమించావా?" అని చివరికి అడిగింది గంగులు.

"తెలియదన్నా. ఆ గుడ్లు గుర్తొస్తే ఇప్పటికీ నీ మీద కోపమే వస్తుంది. మళ్లీ ఎన్నిక వచ్చినా నా రాయి ఎలుగుబంటికే. అది నీకు సమ్మతమైతే రేపు పొద్దున రా."

"నీ రాయి నీ ఇష్టం, చెల్లీ" అంది గంగులు.

మర్నాడు తెల్లవారకముందే వెళ్లి మద్దిచెట్టు కింద నిలబడింది. వానలు పడేనాటికి ఆ గూట్లో పిల్లలు కళ్లు తెరిచాయి. ఏ దున్న అయినా ఒళ్లు రుద్దుకోవడానికి ఆ చెట్టు దగ్గరికి వస్తే, గంగులు అడ్డుగా నిలబడేది.

'నీ చెవి ఏమైంది?' అని దూడలు అడిగితే, పోట్లాటలో పోయిందని అబద్ధం చెప్పలేదు. తల దించుకుని, జరిగిందంతా చెప్పేది.

నీతి: ఎన్నిక నాలుగు రోజుల్లో ముగుస్తుంది, స్నేహితుడికి చేసిన అవమానం ముగియదు, మన అభిప్రాయం ఎంత సరైనదైనా ఎదుటివారి అభిప్రాయాన్ని గౌరవించాలి.