పానకాలు అడిగిన నీళ్లు

కొండకు పడమటి పక్కను రాళ్లవాలు అంటారు. అక్కడికి ఎండ ఒకసారి వచ్చిందంటే పొద్దుగూకేదాకా కదలదు. ఉన్న ఒక్క ఊటా ఆ ఏడు వేసవి ముదరకుండానే ఎండిపోయింది. అక్కడ కాపురముండే కుందేళ్లూ కౌజుపిట్టలూ ముళ్లపందులూ నీళ్ల కోసం కిందనున్న ఏటికి దిగాల్సి వచ్చేది. ఏటి ఒడ్డున రేచుకుక్కలు కాపు కాసేవి. దాహమేసినవాళ్లు ఎలాగూ తమ దగ్గరికే వస్తారు గనుక వేటకు పోవడం కూడా మానేశాయి. మొన్నీమధ్యే కుందేలు రత్తమ్మ చిన్న కూతురు చెవి చిరిగి ఇంటికొచ్చింది. రత్తమ్మ ఆ చెవికి ఆకుపసరు రాస్తూ, "ఇక్కడికి నీళ్లైనా రావాలి, ఇక్కణ్ణుంచి మనమైనా పోవాలి" అని తేల్చేసింది.

కొండమీద ఆదుకునేవాళ్లు లేకపోలేదు. భద్రయ్య అని ఒక పెద్ద ఏనుగు ఉండేవాడు. ఊబిలో దిగబడ్డవాళ్లను లాగడం, దారికడ్డంగా పడ్డ మాన్లు తీయడం, ఇవే ఆయన కాలక్షేపం. ఆయన పోయాక కూతురు గవరమ్మ తమ్ముళ్లనూ మరదళ్లనూ కూర్చోబెట్టి, నాన్న పేరున ఏటా ఒక మేలు చేయాలని తీర్మానించింది. దానికి భద్రయ్య ట్రస్టు అని పేరు పడిపోయింది. ఎండలు ముదిరేవేళ ఒకరోజు ఆ కుటుంబమంతా పనసతోపులో చేరి, అడగవచ్చినవాళ్ల మాట విని, ఒక్కరికి సరేనంటుంది.

రత్తమ్మకు ఈ సంగతి తెలుసు. కానీ ఏనుగులంటే బెరుకు. నా మాట వాళ్ల మోకాలిదాకా కూడా పోదే అని దిగులుపడుతుంటే నక్క పానకాలు ఊడిపడ్డాడు. పానకాలు పని చేస్తుండగా చూసినవాళ్లు లేరు. ఊరికే ఉండగా చూసినవాళ్లూ లేరు, ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటాడు.

"అడగడం ఒక విద్య పిన్నీ. నీకు చేతకాదు" అన్నాడు. "నువ్వు పోయి నీళ్లు లేవమ్మా అంటావు. వాళ్లు అయ్యో పాపం అంటారు. అంతటితో సరి. బాధనైనా తాలింపు వేసి వడ్డించాలి. నేనొచ్చి మాట్లాడతాలే."

"మరి నీకేం ఇచ్చుకోవాలి నాయనా?"

"నాకెందుకు పిన్నీ, పుణ్యం చాలు."

ఆ పుణ్యం ఎలాంటిదో నేను చెబుతాను. కిందటేడు ఏనుగులు కోతులకు మేలు చేయడానికి పోతుంటే పానకాలు దూరం నుంచి చూశాడు. ఒక్కొక్కరి తొండంలో ఒక్కో పనసపండు, ఘుమఘుమలాడుతోంది. ఓహో, ట్రస్టు అంటే ఇదన్నమాట అనుకున్నాడు. వెంట వెళ్లి కోతులకు ఏం ముట్టిందో చూడొచ్చు కదా? అంత ఓపిక ఆయనకు లేదు.

ఆ రోజు రాగానే అందరూ తోపులో చేరారు. మొదట నెమలి లేచాడు. తన ఆటకు చదునైన నేల కావాలన్నాడు.

"ఎవరెవరు ఆడతారు నాయనా?" అంది గవరమ్మ.

"నేనొక్కణ్ణే."

"అయితే ఆడుతూ ఉండు, అదే చదునవుతుంది. మా ఇంట్లో పదిమందికి పనికొచ్చేదే చేస్తాం."

తర్వాత పానకాలు లేచాడు. రత్తమ్మ చిన్న కూతురి చెవితో మొదలుపెట్టి, కౌజుపిట్టల ఎండిన గొంతుల మీదుగా, ముళ్లపంది ముసలితల్లి కన్నీళ్లదాకా వచ్చాడు. ఆ ముసలితల్లి అక్కడే కూర్చుని, నేనెప్పుడు ఏడ్చానబ్బా అని ఆలోచనలో పడింది. పానకాలు ఆగలేదు. "ఆ బీదజీవాల కోసం నా ఇల్లూ వాకిలీ ఇచ్చేయమన్నా ఇచ్చేస్తానమ్మా" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఏనుగు మరదళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"మంచి మాట. మేలు ఎక్కడ చేయమంటావు? చోటు చెప్పు" అంది గవరమ్మ.

పనసపళ్లు రత్తమ్మ గుమ్మంలో దిగితే తనకేం మిగులుతుంది? "నాగజెముడు పొదల వెనక, రెండు బండల మధ్య గుంట ఉందమ్మా. అక్కడ" అన్నాడు పానకాలు.

రత్తమ్మ ఉలిక్కిపడింది. అది పానకాలు ఇల్లే. నోరు తెరవబోతే ఆయన తోకతో ఆమె వీపు మీద తట్టి, "ఊరుకో పిన్నీ, నీకూ ఒక తొన పడేస్తాను" అని గొణిగాడు.

తొన అనగానే రత్తమ్మకు వాడి ఎత్తు అర్థమైంది. ఒళ్లు మండింది. నా బిడ్డ చెవి చూపించి వీడు పనసపండు తింటాడా అనుకుంది. అంతలో ఇంకోటి తట్టింది. రాళ్లవాలంతా మాడిపోయినా ఆ గుంట చుట్టూ గడ్డి పచ్చగానే ఉంటుంది. చల్లగా ఉంటుందనే కదా పానకాలు దాన్ని పట్టుకున్నాడు.

"ఏమ్మా రత్తమ్మా, అక్కడేనా?" అని గవరమ్మ వంగి అడిగింది.

ఏనుగు చెవి అంత దగ్గరికి వచ్చేసరికి రత్తమ్మకు బెరుకు పోయింది. "అక్కడేనమ్మా. ఆ నేలలో చెమ్మ ఉంది. పానకాలు మనస్ఫూర్తిగా ఇస్తానన్న చోటు, కాదనకండి" అంది. పిన్ని ఇంత త్వరగా దారికి వచ్చిందని పానకాలు మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఏనుగులు పనసపళ్లతో రాళ్లవాలు ఎక్కాయి. పానకాలు గుమ్మం ఊడ్చి, మోదుగాకులు పరిచి కూర్చున్నాడు. ఏనుగులు పళ్లను తీసుకుపోయి ఒక చెట్టు నీడన పెట్టి, తిరిగొచ్చి గుంట చుట్టూ నిలబడ్డాయి. గవరమ్మ కాలెత్తి ఒక్క దెబ్బ వేసింది. పానకాలు పడకటిల్లు కూలింది.

"అమ్మా, ఇదేమిటమ్మా? మేలు చేస్తామన్నారుగా?"

"చేస్తున్నాంగా. నీళ్లడిగావు, తవ్వుతున్నాం. కష్టం తప్ప మాకు ఇవ్వడానికి ఏముందయ్యా? కిందటేడు కోతులకు వాగు మీద మాను వేసి వచ్చాం. కాస్త పక్కకు జరుగు, మట్టి పడుతుంది."

"మరి ఆ పనసపళ్లో?"

"అవి మా మధ్యాహ్నం భోజనం. మేలు చేసిన చోట వాళ్ల ఇంట ఏదీ ముట్టకూడదని నాన్న పెట్టిన పద్ధతి. అందుకే మా కూడు మేమే తెచ్చుకుంటాం" అని గవరమ్మ మళ్లీ కాలెత్తింది.

పానకాలు మోదుగాకులు ఏరుకుని పక్కకు జరిగాడు. ఏమని వద్దంటాడు? ఇల్లూ వాకిలీ ఇచ్చేస్తానన్నది కొండంతా విన్నది.

మధ్యాహ్నానికి మట్టి తడిసింది. ఇంకాసేపటికి బండ కింద నుంచి నీళ్లు ఉబికాయి. పిల్లలు ఆగలేదు. చెవి చిరిగిన పిల్ల అందరికంటే ముందు దూకింది. కౌజుపిట్టలు రెక్కలు తడుపుకుని ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నాయి. ముళ్లపంది ముసలితల్లి నిజంగానే ఏడ్చింది. రత్తమ్మ గవరమ్మ కాలికి తల ఆనించి నిలబడింది.

"ఈసారి నువ్వే వచ్చి అడుగు. నీకొచ్చిన రెండు మాటలు చాలు, మిగతాది మేం వచ్చి చూసుకుంటాం" అంది గవరమ్మ. ఏనుగులు గొంతు ఆర్చుకుపోతున్నా ఆ నీళ్లు ముట్టకుండా, చెట్టు కింద తమ పళ్లు తిని వెళ్లిపోయాయి.

పానకాలు దూరంగా బండమీద కూలబడి ఉన్నాడు. రత్తమ్మే పిలిచింది. "రా నాయనా, వచ్చి తాగు. నువ్వు అడిగిన నీళ్లేగా. చెప్పినట్టే పుణ్యం నీకు, నీళ్లు మాకు."

ఆ గుంటకు పానకాలు గుంట అనే పేరు స్థిరపడింది. ఇల్లు ధారపోసిన మహానుభావుడని దారినపోయేవాళ్లంతా ఆయనకు దండం పెడతారు. ఆయన ఎండలో కూర్చుని, పళ్లు బిగించి, ఆ దండాలు పుచ్చుకుంటూ ఉంటాడు.

నీతి: పదిమంది పేరు చెప్పి అడిగేవాడు, అది నిజంగా ఆ పదిమందికే చేరినా ఓర్చుకునేలా ఉండాలి.